ఇరవై అంకెల సంఖ్యను మడిచి చూద్దాం

(జాతీయ గణిత దినోత్సవం నాడు ఒక పట్టణ గ్రంథాలయంలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

ముందు ఒక పద్యం వినండి. అర్థం గురించి ఇప్పుడే ఆలోచించవద్దు, చెవితో వినండి చాలు.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

తెలుగునాట తరతరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన చాటుపద్యం ఇది. ఇందులో బాణాలున్నాయి, చంద్రుడున్నాడు, కొండలున్నాయి, సముద్రాలున్నాయి, ఏనుగులున్నాయి. వర్ణన మాత్రం కాదు. ఇది ఒక సంఖ్య. మా నాన్నగారు తెలుగు మాస్టారు. నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు ఒక వేసవి సెలవుల్లో ఈ పద్యం చదివి, "ఇందులో ఎంత ఉందో లెక్క కట్టు" అన్నారు. ఆ మధ్యాహ్నం నుంచి ఈ సంఖ్య నన్ను వదలలేదు. అందుకే ఈరోజు మాట్లాడమని అడగగానే వేరే విషయం వెతుక్కోలేదు.

మన పూర్వులు అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడేవారు. శరం అంటే బాణం, మన్మథుడి బాణాలు అయిదు కనుక శరం 5. శశి ఒక్కడే కనుక 1. షట్కం 6. చంద్రుడు మళ్ళీ 1. శర 5, సాయక అన్నా బాణమే, 5. రంధ్రాలు తొమ్మిది, నవరంధ్రాల శరీరం అంటాం కదా, 9. వియత్తు అంటే ఆకాశం, శూన్యం, 0. నగం అంటే కొండ, కులపర్వతాలు ఏడు, 7. అగ్నులు మూడు, 3. భూధరం కొండే, 7. గగనం 0. అబ్ధి సముద్రం, 4. వేదాలు 4. గిరి 7. తర్కం 6. పయోనిధి సముద్రమే, 4. పద్మజుడు బ్రహ్మ, ఆయన ఆస్యాలు, అంటే ముఖాలు, 4. కుంజరాలు దిక్కులను మోసే ఏనుగులు, 8. తుహినాంశుడు, చల్లని కిరణాలవాడు, చంద్రుడు, 1. ఇరవై పేర్లు, ఇరవై అంకెలు. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలన్నది సంప్రదాయం. మొదట వచ్చిన శరం ఒకట్ల స్థానంలో కూర్చుంటుంది. అలా రాస్తే వచ్చేది:

18446744073709551615.

మన పద్ధతిలో చదివితే 1 లక్షా 84 వేల 467 కోటి కోట్లు, 44 లక్షల 7 వేల 370 కోట్లు, 95 లక్షల 51 వేల 615.

ఎక్కడిది ఈ సంఖ్య? చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం గింజలు ఇన్ని. చదరంగం కనిపెట్టినవాడు రాజును ఈ బహుమానమే అడిగాడని కథ. 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అరబ్బీలో రాసిన కథలో ఆ మేధావి పేరు సిస్సా, అడిగింది ఒక హిందూ రాజును. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే అల్ బిరూనీ అనే పండితుడు ఈ ఇరవై అంకెలనూ లెక్క కట్టి రాసిపెట్టాడు.

ఈ పళ్ళెంలో బియ్యం తెచ్చాను. ముందు వరుసలో ఉన్న పిల్లలు పొద్దుటి నుంచి కూర్చుని మొదటి వరుస ఎనిమిది గళ్ళకు సరిపడా గింజలు లెక్కపెట్టారు. 1, 2, 4, 8, 16, 32, 64, 128. మొత్తం 255. చూడండి, ఒక చెంచా నిండుతుంది. వెయ్యి గింజలకు 20 గ్రాములు అనుకుందాం. రెండో వరుస పూర్తయ్యేసరికి కిలోంబావు పైన. మూడో వరుసకు 335 కిలోలు. నాలుగో వరుసకు, అంటే సగం బల్లకు, 86 టన్నులు, తొమ్మిది లారీలు కావాలి. ఇక్కడిదాకా రాజు తట్టుకోగలడు. మిగిలిన సగం బల్ల కూడా నిండితే సుమారు 37 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే దాదాపు ఏడు వందల ఏళ్ళ పంట.

ఈ కథ చాలామందికి తెలుసు. చెప్పేవాళ్ళు ఇక్కడే ఆపేస్తారు. "అబ్బో, ఎంత పెద్దదో!" అని వినేవాళ్ళు ఆశ్చర్యపోతారు, కథ అయిపోతుంది. నాకు అదే బాధ. ఇంతకంటే పెద్ద సంఖ్య కావాలంటే దీనికి ఒకటి కలిపితే చాలు. పెద్దదనం ఏ సంఖ్యకైనా ఉంటుంది. ఈ సంఖ్యకు లోపల ఒక నిర్మాణం ఉంది, గోపురానికి ఉన్నట్టు అంతస్తులున్నాయి. ఈరోజు దాని లోపలికి వెళ్దాం.

ముందు ఈ సంఖ్యను ఎలా కనుక్కోవాలి? 64 సార్లు రెట్టింపు చేసి, 64 సంఖ్యలూ కూడనక్కరలేదు. మొదటి గడిలో 1, రెండు గళ్ళకు కలిపి 3, మూడింటికి 7, నాలుగింటికి 15. ఎప్పుడు చూసినా మొత్తం అన్నది తరవాతి గడిలో రాబోయే గింజలకంటే ఒకటి తక్కువ. కాబట్టి 65వ గడి అంటూ ఒకటి ఉంటే అందులో ఎన్ని పెట్టాలో కనుక్కుని, ఒకటి తీసేస్తే సరి. అంటే 2ను 64 సార్లు గుణించి ఒకటి తీసెయ్యాలి.

ఆ గుణకారానికి మన ఛందశ్శాస్త్రమే దారి చూపింది. పింగళుడు రెండు వేల ఏళ్ళ నాడు ఛందస్సు గురించి సూత్రాలు రాస్తూ ఒక చక్కటి ఉపాయం చెప్పాడు. సరిసంఖ్య అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తీసెయ్యి, సున్న వచ్చేదాకా అలా దిగు. తిరిగి ఎక్కేటప్పుడు, ఒకటి తీసేసిన చోట రెట్టింపు చెయ్యి, సగం చేసిన చోట వర్గం చెయ్యి. 64కు ఇది ఎంత అందంగా కుదురుతుందో చూడండి. 64, 32, 16, 8, 4, 2, 1. ఆరుసార్లు సగం. తిరిగి ఎక్కేటప్పుడు 2తో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 2, 4, 16, 256, 65536, 4294967296. ఇది అయిదో మెట్టు. ఆరో మెట్టులో పది అంకెల సంఖ్యను దానితోనే గుణించాలి. ఆ వేసవి మధ్యాహ్నం మా ఇంటి అరుగు మీద, నాన్నగారి పాత లెక్కల పుస్తకం వెనక ఖాళీ పేజీలో, ఆ పది వరుసల గుణకారం చేశాను. చివర్లో 616 వచ్చింది. ఒకటి తీసేస్తే 615. పద్యంలో ముందుగా వచ్చే పేర్లు శర, శశి, షట్క. అయిదు, ఒకటి, ఆరు. మిగతా అంకెలు ఒక్కొక్కటే పద్యంతో కలుస్తూ ఉంటే నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు అసలు పని. బల్లను మడుద్దాం.

పక్కపక్క గళ్ళను జంటలు కట్టండి. మొదటి జంటలో 1, 2. కలిపితే 3. రెండో జంటలో 4, 8. కలిపితే 12, అంటే 4కు మూడు రెట్లు. మూడో జంటలో 16, 32. కలిపితే 48, అంటే 16కు మూడు రెట్లు. ఏ జంటలోనైనా మొత్తం, ఎడమ గడిలో ఉన్నదానికి సరిగ్గా మూడు రెట్లు. కాబట్టి మొత్తం గింజలు 3తో నిశ్శేషంగా భాగింపబడతాయి. ఆ 3ను పక్కన పెడితే మిగిలేది 1, 4, 16, 64 అంటూ సాగే 32 గళ్ళ బల్ల. ఒక మడత అయింది.

మళ్ళీ జంటలు కట్టండి. 1, 4 కలిపితే 5. 16, 64 కలిపితే 80, అంటే 16కు అయిదు రెట్లు. 5 బయటికి వచ్చింది. మిగిలింది 1, 16, 256 అంటూ 16 గళ్ళు. మూడో మడతలో 1, 16 కలిసి 17. మిగిలింది 8 గళ్ళు. ఇక్కడ కాస్త ఆగండి. 3, 5, 17. మూడింటినీ గుణిస్తే ఎంత? 255. పొద్దుట పిల్లలు లెక్కపెట్టిన మొదటి వరుస! మూడు మడతలు పెడితే ఎనిమిది గళ్ళ వరుస ఒక్క గడిగా మడుచుకుపోయింది. ఇప్పుడు మన ముందున్న ఎనిమిది గళ్ళూ ఎనిమిది వరుసలన్నమాట. నాలుగో మడతలో 257. అయిదో మడతలో 65537. ఆరో మడతలో 4294967297. బల్ల పూర్తిగా మడుచుకుంది.

కాబట్టి మన ఇరవై అంకెల సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. కాగితం, కలం లేకుండా, గింజలను జంటలు కట్టి ఇంత పెద్ద సంఖ్యను విడగొట్టాం. ఇరవై అంకెల సంఖ్యలు మామూలుగా ఇంత సులువుగా లొంగవు. బల్లకు 64 గళ్ళుండటం, 64ను మళ్ళీ మళ్ళీ సగం చేయగలగడం వల్ల ఇది సాధ్యమైంది.

ఈ ఆరు సంఖ్యలకు గణితంలో గొప్ప పేరుంది. ఫ్రాన్స్‌లో 17వ శతాబ్దంలో పియర్ ద ఫెర్మా అనే న్యాయాధికారి ఉండేవాడు. గణితం ఆయనకు తీరిక వేళల పని. 1640 ప్రాంతంలో ఆయన ఈ వరుసను చూశాడు. 3 ప్రధాన సంఖ్య. 5, 17, 257, 65537 కూడా అంతే. ఈ వరుసలో ఎంత దూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని ఆయన నమ్మాడు. అయితే నిరూపణ తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. ఆ తరవాతిది 4294967297. దాదాపు తొంభై ఏళ్ళు ఆ నమ్మకాన్ని ఎవరూ కదపలేదు. 1729లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఒక ఉత్తరం చివర్న, ఫెర్మా మాట మీకు తెలుసా అని ఆయిలర్ అనే యువ గణితవేత్తను అడిగాడు. ఆయిలర్‌కు అప్పటికి 22 ఏళ్ళు. 1732 నాటికి జవాబు తెచ్చాడు. 4294967297 ప్రధాన సంఖ్య కాదు, దాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. 641ని 6700417తో గుణిస్తే అది వస్తుంది.

ఆయన గుడ్డిగా వెతకలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలని తరవాత ఆయనే వివరించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలను వరుసగా రాయండి: 193, 257, 449, 577, 641. అయిదోదే దొరికింది. వందకు పైగా భాగహారాలు చేయవలసిన చోట అయిదు చాలు. ఇక్కడ కూడా 64 కనిపించడం చూశారా?

641 ఎందుకు భాగిస్తుందో భాగహారం చేయకుండానే చూపిస్తాను. ఇది నాకు చాలా ఇష్టమైన చిన్న నిరూపణ. నల్లబల్ల మీద రాస్తున్నాను, చూడండి. 641 అంటే 640 కంటే ఒకటి ఎక్కువ. 640 అంటే అయిదు నూట ఇరవై ఎనిమిదులు. కాబట్టి 5 × 128 అన్నది 641కి ఒకటి తక్కువ, అంటే 641తో భాగిస్తే శేషం మైనస్ ఒకటి అనుకోవచ్చు. దాన్ని నాలుగుసార్లు గుణిస్తే మైనస్ పోయి శేషం 1 అవుతుంది. అయిదును నాలుగుసార్లు గుణిస్తే 625. 128 అంటే ఏడు రెండ్ల లబ్ధం, నాలుగుసార్లయితే 28 రెండ్ల లబ్ధం. అంటే 625ను 28 రెండ్లతో గుణిస్తే శేషం 1. ఇప్పుడు 641ని ఇంకో రకంగా చూడండి. 641 అంటే 625, 16 కలిపితే వచ్చేది. అందువల్ల 641 లెక్కలో 625 అన్నా మైనస్ 16 అన్నా ఒక్కటే. 16 అంటే నాలుగు రెండ్లు. 28కి నాలుగు చేరితే 32. అంటే మైనస్ గుర్తుతో 32 రెండ్ల లబ్ధానికి శేషం 1. కనుక 32 రెండ్ల లబ్ధానికి శేషం మైనస్ 1. దానికి ఒకటి కలిపితే శేషం సున్న. ఆ ఒకటి కలిపిన సంఖ్యే 4294967297.

వెనక వరుసలో ఒకరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు 641కే చెందాలి. 128 గుణిజానికి ఒకటి ఎక్కువ కావడం, రెండు నాలుగో ఘాతాల మొత్తం కూడా కావడం, ఈ రెండు లక్షణాలూ ఒకే సంఖ్యలో కలవడం వల్లే ఫెర్మా నమ్మకం పోయింది.

6700417 ప్రధాన సంఖ్యే. కాబట్టి మన సంఖ్య మొత్తం ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాదు. ఈ ఏడింటిలో ఒక్కొక్కదాన్ని తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. అలా ఏడుసార్లు రెండేసి దారులు, అంటే 128 భాజకాలు. ఎనిమిదో గడిలో ఉన్న గింజలు ఎన్నో, అన్ని.

సగం బల్ల దగ్గర ఇంకో విశేషం ఉంది. మొదటి 32 గళ్ళ మొత్తం 4294967295. ఇది 3, 5, 17, 257, 65537 లబ్ధం, అంటే ఇప్పటివరకు తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలన్నింటి లబ్ధం. ఆ వరుసలో ఆరో ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. 1796లో గౌస్ అనే యువకుడు, ఇంకా 19 ఏళ్ళు నిండకుండానే, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 సమాన భుజాల బహుభుజిని గీయవచ్చని కనుక్కున్నాడు. రెండు వేల ఏళ్ళుగా ఎవరికీ తట్టని సంగతి అది. ఆ దారిలో పోతే, మనకు తెలిసినంతలో బేసి సంఖ్యలో భుజాలుండి అలా గీయదగిన బహుభుజుల్లో అన్నింటికంటే పెద్దదానికి భుజాలెన్ని? సరిగ్గా 4294967295. రాజుగారి సగం బల్ల మీది గింజలు! జ్యామితికీ గింజలకూ సంబంధం ఏమిటని అడిగితే, ఇదే సంబంధం.

మన సంఖ్య పక్కింటివాళ్ళ గురించి కూడా ఒక మాట. దీనికి ఒకటి కలిపితే అన్నీ రెండ్లే, విశేషం లేదు. రెండు కలిపితే 18446744073709551617. ఫెర్మా వరుసలో తరవాతిది. 128 గళ్ళ బల్లను మడిచి ఉంటే ఏడో మడతలో ఇదే వచ్చేది. దీన్ని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన, 80 ఏళ్ళు దాటిన వయసులో, చేత్తో విడగొట్టాడు. 274177, 67280421310721. మన సంఖ్యేమో గింజలు జంటలు కడితే విడిపోయింది. దానికి రెండంటే రెండే ఎక్కువైన సంఖ్యను విడగొట్టడానికి ఒక మనిషి ముసలితనంలో తపస్సు చేయవలసి వచ్చింది. సంఖ్యల పరిమాణానికీ స్వభావానికీ సంబంధం ఎంత తక్కువో ఇక్కడ తెలుస్తుంది.

మళ్ళీ పద్యానికి వద్దాం. తెలుగులో గణితాన్ని పద్యాల్లో చెప్పడం పాత అలవాటు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అచ్చు లేని రోజుల్లో ఇరవై అంకెలు తప్పు పోకుండా చేతులు మారాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. ఒక్క అంకె మారినా చూసేవాడికి తెలియదు. పద్యంలో అయితే ఛందస్సు కాపలా కాస్తుంది. ఇది చంపకమాల. పాదానికి 21 అక్షరాలు. ప్రాస రేఫం: శర, ధర, జర. యతి పదకొండో అక్షరం: శకారానికి సాయకలోని సా, ధకారానికి తర్కలోని త. భూధర అన్న మాటను రెండు పాదాల మధ్య విరిచింది ప్రాస కోసమే. మొదటి శర స్థానంలో ఎవరైనా పొరపాటున శశి అని రాస్తే ప్రాస చెడుతుంది, తప్పు దొరుకుతుంది. వేద స్థానంలో గిరి అంటే గణం చెడుతుంది.

అయితే ఛందస్సు అన్ని తప్పులనూ పట్టలేదు. పద్యం మధ్యలో రెండోసారి వచ్చే శర స్థానంలో శశి పెట్టి చూడండి. గణం చెడదు, ప్రాస చెడదు, యతి చెడదు. అక్కడ గణితం పట్టుకుంటుంది. మన సంఖ్యలోని అంకెలన్నీ కూడితే 87. అది 3తో భాగింపబడుతుంది. అయిదు పోయి ఒకటి వస్తే 83. మూడుతో పోదు. జంటలు కట్టిన గింజలు మూడుతో పోయి తీరాలి కదా, కాబట్టి తప్పు. కవి ఒక తాళం వేస్తే బల్ల ఇంకో తాళం వేసింది.

ఇంకొక లోతు ఉంది. 21 అక్షరాల పాదంలో ప్రతి అక్షరం లఘువో గురువో అవుతుంది. అంటే మొత్తం 20,97,152 రకాల వృత్తాలు, అంటే పాదం నడకలు, సాధ్యం. ఇది 22వ గడిలోని గింజల సంఖ్య. వాటన్నింటినీ ప్రస్తారం ప్రకారం వరుసగా రాస్తే చంపకమాల ఎన్నోది? ఛందస్సు చదివినవాళ్ళకు తెలిసిన జవాబు 711600. అది ఎలా వస్తుంది? ఉద్దిష్టం అనే పద్ధతి ఉంది. 21 అక్షరాలూ రాసి వాటి పైన 1, 2, 4, 8 అంటూ రెట్టింపు చేస్తూ అంకెలు వేయాలి. అచ్చం చదరంగం గళ్ళలో గింజలు పెట్టినట్టే. గురువుల మీది గింజలు వదిలేసి లఘువుల మీదివి మాత్రం కూడాలి. చంపకమాల గణాలు న, జ, భ, జ, జ, జ, ర. పద్నాలుగు లఘువులు. 1, 2, 4, 8, 32, 128, 256, 512, 2048, 4096, 16384, 32768, 131072, 524288. కూడితే 711599. ఒకటి కలిపితే 711600.

అంటే 1 నుంచి 18446744073709551615 వరకు ఏ సంఖ్య చెప్పినా, చదరంగం బల్ల మీద కొన్ని గళ్ళు ఎంచుకుని సరిగ్గా అన్ని గింజలు చూపించవచ్చు. ఆ ఎంపిక ఒక్క రకంగానే సాధ్యం. కంప్యూటర్లు సంఖ్యలను దాచుకునేది ఇలాగే. 64 స్థానాలుండి, ప్రతి స్థానంలో సున్నో ఒకటో ఉంటే, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య మన పద్యంలోని సంఖ్యే. మన ఛందస్సు భాషలో చెప్పాలంటే 64 అక్షరాల సర్వలఘు పాదం అది. మీ జేబులోని ఫోను లోపల ఈ చాటుపద్యం ఉందని నేను పిల్లలకు చెబుతుంటాను.

కాశీలోని ఒక గుడిలో 64 బంగారు బిళ్ళలను ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి మారుస్తున్నారన్న కథ కూడా ఈ సంఖ్యదే. ఎదూవార్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 1883లో 'టవర్ ఆఫ్ హనోయ్' అనే తన ఆటవస్తువుకు ఆ కథను జోడించాడు. సెకనుకు ఒక బిళ్ళ కదిపినా 58 వేల కోట్ల ఏళ్ళకు పైనే పడుతుంది. దీన్ని విడమరచి చెప్పను, ఇంటికెళ్ళి మూడు బిళ్ళలతో, నాలుగు బిళ్ళలతో ఆడి చూడండి. ఏడు కదలికలు, పదిహేను కదలికలు.

చివరిగా, గింజలు పెడుతూ పోతున్నప్పుడు మొత్తం ఎప్పుడెప్పుడు ప్రధాన సంఖ్య అవుతుందో చూద్దాం. రెండో గడికి 3. మూడో గడికి 7. అయిదో గడికి 31. ఏడో గడికి 127. గడి సంఖ్య ప్రధాన సంఖ్య అయితే మొత్తం కూడా అంతేననిపిస్తుంది. పదకొండో గడి దగ్గర ఆ నమ్మకం పోతుంది: 2047 అంటే 23, 89ల లబ్ధం. ఆ తరవాత 13, 17, 19, 31, 61 గళ్ళ దగ్గర మాత్రమే ప్రధాన సంఖ్యలు. మొత్తం బల్ల మీద తొమ్మిది చోట్ల. 31వ గడి దగ్గరి 2147483647 ప్రధాన సంఖ్య అని 1772లో తేల్చింది మళ్ళీ ఆయిలరే. 61వ గడి దగ్గరి 2305843009213693951 సంగతి 1883లో రష్యాలో పెర్వూషిన్ అనే మతాచార్యుడు తేల్చాడు. ఇలాంటి గడి దగ్గర ఆగి, ఆ గడిలోని గింజలను అప్పటిదాకా వచ్చిన మొత్తంతో గుణించండి. 2ను 3తో గుణిస్తే 6. 4ను 7తో గుణిస్తే 28. 16ను 31తో గుణిస్తే 496. ఇవి పరిపూర్ణ సంఖ్యలు. తమకంటే చిన్నవైన తమ భాజకాలన్నీ కూడితే తామే వచ్చే సంఖ్యలు. 28కి 1, 2, 4, 7, 14 కూడి చూడండి.

నేను చెప్పదలచుకున్నవి ఇవి. ఎవరైనా ఏమైనా అడుగుతారా?

(ఒక విద్యార్థిని: "సార్, పద్యంలో కొండలు మూడుసార్లు వచ్చాయి కదా. ఈ సంఖ్య ఏడుతో భాగింపబడుతుందా?")

చాలా మంచి ప్రశ్న, తల్లీ. భాగహారం వద్దు, బల్లనే అడుగుదాం. ఏడు ఎక్కడ వస్తుంది? 1, 2, 4 కలిస్తే. అంటే వరుసగా ఏ మూడు గళ్ళు తీసుకున్నా అందులోని గింజలను ఏడుగురికి సమానంగా పంచవచ్చు. చివరి నుంచి, 64వ గడి నుంచి మూడేసి గళ్ళు తీసుకుంటూ రా. 21 కట్టలవుతాయి, 63 గళ్ళు పోతాయి. ఒక్క గడి మిగులుతుంది, మొదటిది. అందులో ఒకే గింజ. కాబట్టి భాగింపబడదు, శేషం 1.

మొదటి వరుసకు కూడా ఇలాగే చెయ్యవచ్చు. ఎనిమిది గళ్ళలో మూడేసి చొప్పున రెండు కట్టలు పోతే మొదటి రెండు గళ్ళు మిగులుతాయి, 1, 2. ఆ 255 గింజలూ ఈ పళ్ళెంలోనే ఉన్నాయి. ఇలా వచ్చి ఏడు కుప్పలుగా పంచు. కుప్పకు 36 పోయి, మూడు మిగలాలి.